రిమార్కుల గడి

మా లైబ్రరీ కింద పిండి గిర్ని.
గోధుమలు పడ్డప్పుడు నేల సన్నగ వణుకుతది,
అల్మారాలల్ల పుస్తకాలు
ఒకదాని భుజం ఒకటి తట్టుకుంటయి.
వారాసిగూడల మా మెట్లెక్కేటోళ్లు
అందరు ఎంతోకొంత తెల్లబడే పైకొస్తరు.

పుస్తకాలు మూడువేల నాలుగువందల పన్నెండు.
రిజిస్టర్ల లెక్క అది.
చేత్తోని లెక్కబెడితే ఎన్నడు రాలే.

సిస్టం పెడదామని కమిటీ తీర్మానం జేసింది.
బడ్జెట్ పద్నాలుగు వేలు,
అండ్లనే రెండు ఫ్యాన్లకు వైండింగు.

మాదాపూర్ నుంచి ఒకాయన వచ్చిండు,
బూట్లు బయట విప్పి, మెడల కార్డు విప్పకుండ.
బార్‌కోడ్ అన్నడు, క్లౌడ్ అన్నడు,
ఏడాదికి ముప్పై ఆరు వేలు, జీఎస్టీ అలగ్ అన్నడు.
దశరథ్ సార్ ఆర్టీసీ లెక్కల సెక్షన్‌ల రిటైరైన మనిషి.
కండ్లద్దాలు తీసి తుడుచుకొని
"చాయ్ తాగుండ్రి" అన్నడు.
అంటే అయిపోయినట్టు.

రెండోది ఫోన్ల నడిచేది, నెలకు మూడొందలు,
ఐదొందల పుస్తకాల దాక.
మిగిలిన రెండువేల తొమ్మిదివందల పన్నెండిటిని
ఏ రైలెక్కియ్యాలె?
పైంగ అండ్ల 'జ్ఞానం' అని కొడితే
ఒత్తు ఊడి పక్కకు పోయి కూసున్నది.
ఉర్దూ పేర్లకైతే
వరుసగ ప్రశ్నార్థకాలే.

మూడోది ఉత్తగనే.
ఎవరెవరో ఏ దేశాలల్లనో కూసోని రాసి
తీస్కపోండ్రి అని వదిలిపెట్టిన్రట.
గ్రూప్ టూకు చదివే మౌలిక చెప్పింది.
కిటికీ పక్క కుర్చీ ఆమెది, పాలిటెక్నిక్ జేసింది.
"ఉత్తగొచ్చిన బర్రెకు గడ్డెవరు కోస్తరు?"
అన్నడు దశరథ్ సార్.
తప్పు మాట కాదు.
సర్వర్ అంటది, బ్యాకప్ అంటది,
రేపు ఆ పిల్లకు నౌకరి వస్తే,
రావాలె, రావాలనే మొక్కుతున్నం,
అప్పుడు కొడవలి ఎవరి చేతికి?

ఆ రాత్రి పాత రిజిస్టర్లు దించిన.
ఖాజా సాబ్ రాత.
నాకంటె ముందు ఇరవై ఆరేండ్లు ఈ కుర్చీల కూసున్న మనిషి.
నంబరు, పేరు, రాసినోళ్లు, ధర,
ఆఖరుకు సన్నటి గడి, రిమార్కులు.
ఎర్ర సిరాతోని, తెలుగుల, గుండ్రంగ:

వానకు తడిసింది. చదువొచ్చు.
నలభై ఒకటో పేజీ లేదు. అడిగితే కథ నోటితోని చెప్పాలె.
బాలింత. లేటు ఫీజు వద్దు.
మనిషి పోయిండు. పుస్తకం అడగొద్దు.

ఫ్యాను లేని గదిల
ఆ ఆఖరి మాట కాడ్నే చానాసేపు కూసున్న.

తెల్లారి అందరికి ఫోన్ జేసి ఒకటే అడిగిన,
ఇది మీ దాంట్ల యాడ రాయాలె?
మాదాపూర్ ఆయన మర్యాదగనే నవ్విండు.
"మేడం, 'లాస్ట్' అని ఉంటది,
టిక్ కొడితే ఫైన్ దానంతట అదే పడుతది."
నెలకు మూడొందలోళ్లు ఫోనెత్తలే.
మౌలిక పెన్ను క్యాప్ కొరుక్కుంట
"గడి మనమే పెట్టుకోవచ్చు" అన్నది,
"ఎన్ని అక్షరాలు పట్టాలె?"
ఆ ప్రశ్న నన్నెవరు అడగలే అంతదాక.

ముషీరాబాద్‌ల మూతబడ్డ నెట్ సెంటర్ నుంచి
ఆరువేలకు కంప్యూటర్ తెచ్చినం.
గిర్ని సేటు ఖాళీ సంచి ఇస్తే దానికి ముసుగు కుట్టిన.
ఒక్క ఫ్యానుకే వైండింగు అయింది.
రెండు నెలలల్ల ఎక్కినయి ఆరువందల పదకొండు.
రెండుసార్లు అంతా పోయింది, ఒకసారి దొరికింది.
రిజిస్టరు ఇంక మూయలే.

సాయంత్రాలు దశరథ్ సార్ వచ్చి
ఒక్క వేలుతోని కొడుతడు, అక్షరం అక్షరం వెతుక్కుంట.
గడ్డి కోసుడు నేర్చుకుంటున్న అంటడు.
నిన్న ఆ పేజీ ఆయన వంతుకొచ్చింది.
మనిషి పోయిండు.
పుస్తకం అడగొద్దు.
సేవ్ చేయాలా అని అడిగింది మిషను.
ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు.
కింద గిర్ని షురువైంది,
స్క్రీను మీద బాణం గుర్తు
సన్నగ వణుకుతున్నది.